లాలీ అనే ఇంటిపేరును గాల్వే దాకా వెనక్కి పట్టుకెళ్లడం ఎలా

మన చరిత్ర పుస్తకాల్లో కౌంట్ డి లాలీ అంటే 1760 జనవరిలో వందవాసి దగ్గర ఓడిపోయిన ఫ్రెంచి సేనాని. పేరు చెవిన పడగానే ఉయ్యాల గుర్తొస్తుంది కానీ, మన జోలపాటకూ ఆ పేరుకూ చుట్టరికం లేదు. ఆ మాటకొస్తే అది ఫ్రెంచి పేరు కూడా కాదు. ఐర్లండ్‌లో పడమటి వైపున్న గాల్వే కౌంటీ ఇంటిపేరు. గాల్వే నుంచి పాండిచ్చేరి కోట దాకా ఎలా వచ్చిందో కింద చెప్తాం. అంతకన్నా ముఖ్యంగా, అలాంటి ఒక ఐరిష్ పేరును ఇవాళ్టి మనిషి నుంచి వెనక్కి ఎలా పట్టుకెళ్లాలో ఈ పేరునే ఉదాహరణగా పెట్టుకుని చూపిస్తాం. మీరు వెతికేది మర్ఫీ అయినా, డోలన్ అయినా దారి ఇదే.

ఈ పనిలో మొదటి తప్పు దాదాపు అందరూ చేసేదే. ఇంటర్నెట్‌లో ఇంటిపేరు కొడతారు, ఎవరో ఒక ప్రభువో సేనానో తగులుతాడు, అక్కడి నుంచి కిందికి దిగుతూ తమ తాతను అతకడానికి చూస్తారు. అతుకు ఎక్కడో ఒకచోట పడుతుంది. అది తప్పని తేలేసరికి రెండేళ్లు గడిచిపోతాయి. నడక ఎప్పుడూ తెలిసిన మనిషి నుంచి తెలియని మనిషి వైపు, ఒక్కో తరం చొప్పున సాగాలి. ఇంకో సంగతి, ఐర్లండ్‌లో పేరు కన్నా ఊరే గట్టి సాక్ష్యం. ఒకే జిల్లాలో ఒకే వయసున్న జాన్ లాలీలు ఆరుగురు ఉండొచ్చు. ఫలానా పల్లెలో మాత్రం ఒక్కడే ఉంటాడు, ఇద్దరుంటే వాళ్లను విడదీసే గుర్తు కూడా ఉంటుంది.

ముందు పేరును విప్పండి

మన ఇంటిపేర్లలో చాలావాటికి మూలం ఊరు. ఐరిష్ పేర్లకు మూలం మనిషి. పేరు ముందు వచ్చే "ఓ" అంటే మనవడు, ఆ వంశపువాడు అని. "మాక్" అంటే కొడుకు. ఈ పేర్లు 10 నుంచి 12వ శతాబ్దాల మధ్య స్థిరపడ్డాయి. యూరప్‌లో తరతరాలకూ దిగే ఇంటిపేర్లు బాగా ముందుగా పుట్టిన చోట్లలో ఐర్లండ్ ఒకటి. దక్షిణ గాల్వేలోని ఐన్య ప్రాంతపు ప్రభువు టియర్నాఖ్ ఓ క్లేరీ 916లో చనిపోయినట్టు అక్కడి వార్షిక చరిత్రలు రాశాయి. లిఖితంగా దొరికిన తొలి ఇంటిపేరుగా సాధారణంగా దాన్నే చూపిస్తారు. ఆ ఓ క్లేరీలే తర్వాత క్లియరీలు, కొన్నిచోట్ల క్లార్క్‌లు అయ్యారు.

లాలీ అసలు రూపం ఓ మ్వీలలీ. అందులో "మ్వీల్" అనే ముక్కకు గుండు, గుండు చేయించుకున్నవాడు అని అర్థం. సన్యాసులు శిరోముండనం చేయించుకునేవాళ్లు కాబట్టి ఫలానా సాధువు భక్తుడు అనే అర్థంలో పేర్ల ముందు చేరేది. మన రామదాసు, శివదాసు లాంటి కట్టుబడే. ఇంగ్లీషు గుమాస్తాల చేతిలో ఈ ముక్క "మల్" అయింది, పేరు మొత్తం మల్లాలీ అయింది. తర్వాత ముందు భాగం ఊడిపోయి లాలీ మిగిలింది. టిప్పరరీలో మల్‌రయన్ కాస్తా రయన్ అయిపోయిందీ ఇలాగే. గాల్వే వైపు లాలీ అనే పొట్టి రూపం బాగా నిలబడింది, టిప్పరరీ, కిల్కెనీ వైపు మల్లాలీ అనే పూర్తి రూపమే ఇప్పటికీ వినిపిస్తుంది.

ఆడవాళ్ల పేర్లలో ఇంకో మెలిక ఉంది. ఐరిష్ భాషలో రాసిన పత్రాల్లో ఓ మ్వీలలీ కూతురు "నీ వీలలీ" అవుతుంది. భార్య పేరు ముందు "బాన్ ఈ" చేరుతుంది. ఇవి వేరే కుటుంబాలు కావు, లింగాన్ని బట్టి మారిన ఒకే పేరు. 17వ శతాబ్దం నుంచి ఇంగ్లీషు పాలన ఒత్తిడికి "ఓ"లు, "మాక్"లు రాలిపోయాయి. 1893లో ఐరిష్ భాషను నిలబెట్టడానికి గేలిక్ లీగ్ అనే సంఘం పుట్టాక కొందరు మళ్లీ తగిలించుకున్నారు. అందుకే 1901 జనగణన లెక్కల్లో "ఓ" లేని మనిషి 1911లో "ఓ"తో కనిపిస్తే కంగారు పడొద్దు.

ఇప్పుడు ఒక కాగితం మీద పేరు వర్ణక్రమాలన్నీ రాసుకోండి. లాలీకి ఇంగ్లీషులో రెండు ఎల్‌లు, ఒకే ఎల్, చివర వై, చివర ఇ-వై, ఐ-ఇ. మల్లాలీకి మొదటి చోట ఒక ఎల్, రెండో చోట రెండు, తిరగేసి, రెండు చోట్లా రెండేసి. ముందు "ఓ" ఉన్నవి వేరుగా. ఇది చాదస్తం కాదు. చాలా వెబ్‌సైట్లు ధ్వని పోలికను సౌండెక్స్ అనే సంకేతంతో పట్టుకుంటాయి. లాలీ సంకేతం ఎల్ 400, మల్లాలీ సంకేతం ఎం 440. మొదటి అక్షరమే వేరు కాబట్టి ఒకదాని కోసం వెతికితే రెండోది ఎన్నటికీ రాదు, రెండుసార్లు వెతకాల్సిందే. మరోవైపు సూచికలు తయారుచేసినవాళ్లు చేతిరాత సరిగ్గా అందక మల్లాలీని మ్యాలీగా ఎక్కించే ప్రమాదం ఉంది. మ్యాలీ, ఓ మ్యాలీలు మేయో తీరపు వేరే వంశం. కాబట్టి సూచికను నమ్మకండి, అసలు పేజీ బొమ్మ తెరిచి చూడండి.

కొన్ని పేర్లు అనువాదం అయిపోయాయి, వాటితో కష్టం ఎక్కువ. కావన్ కౌంటీలో స్మిత్ అని కనిపించేవాళ్లలో చాలామంది అసలు మాక్ గౌన్‌లు, అంటే కమ్మరి కొడుకులు. గాల్వేలో కింగ్ అనే పేరు వెనక చాలాసార్లు మాక్ కొన్రీ ఉంటుంది. అలాంటి పేరు మీ చేతిలో ఉంటే ఊరు తేలేదాకా అర్థం జోలికే పోవద్దు.

ఎక్కడ గుంపుగా ఉందో చూడండి

పేరు ఏ కౌంటీలో చిక్కగా ఉందో తెలుసుకోవడానికి రెండు కొలతలున్నాయి. ఒకటి, 1890లో నమోదైన జననాల ఆధారంగా రిజిస్ట్రార్ కార్యాలయపు రాబర్ట్ మాథెసన్ తయారుచేసి 1894లో అచ్చువేసిన ఇంటిపేర్ల నివేదిక. రెండోది గ్రిఫిత్ వాల్యుయేషన్. 1847 నుంచి 1864 దాకా రిచర్డ్ గ్రిఫిత్ దేశమంతా తిప్పి చేయించిన పన్ను మదింపు ఇది, మన పాత అడంగల్ లాంటిది. పది లక్షల దాకా పేర్లున్న ఈ లెక్క ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. పేరు కొట్టి కౌంటీలవారీగా ఎన్ని ఇళ్లో లెక్కపెట్టుకోండి.

కానీ 1850ల గుంపును చూసి అదే పుట్టిల్లు అనుకోకూడదు. ఓ మ్వీలలీలనే చూడండి. వాళ్ల మొదటి చోటు తూర్పు గాల్వేలో లాక్‌రే చుట్టూ ఉన్న మైదానం, పాత ఈ మానే రాజ్యంలో భాగం. 1235లో రిచర్డ్ డి బర్గ్ పడమటి ప్రాంతమైన కొనాఖ్త్‌ను ఆక్రమించాక ఆ నేల అతని వంశపు బర్క్‌ల చేతికి పోయింది. లాలీలు ఉత్తరంగా జరిగి ట్యూమ్ దగ్గర టల్లినడేలీలో స్థిరపడ్డారు. అంటే కౌంటీ దాటకుండానే ఒక పెద్ద వలస జరిగిపోయింది. 19వ శతాబ్దపు పటం మీద అది కనిపించదు.

ఊరి పేరు దొరికేది చాలాసార్లు బయటి దేశంలోనే

"ఐర్లండ్‌లో పుట్టాడు" అనే ఒక్క మాటతో డబ్లిన్ రికార్డుల మీద పడితే దొరికేది ఏమీ ఉండదు. కనీసం పారిష్ (ఒక చర్చి కిందికొచ్చే ప్రాంతం), వీలైతే పల్లె కావాలి. అది వలస వెళ్లినవాడు బతికిన దేశపు కాగితాల్లోనే దొరకాలి.

అమెరికా అయితే 1906 సెప్టెంబరు 27 తర్వాతి పౌరసత్వ దరఖాస్తులు ముందు చూడండి. పుట్టిన తేదీ, ఊరు, వచ్చిన ఓడ అందులో ఉంటాయి. అంతకుముందువాటిలో "బ్రిటన్ రాణి ప్రజ" అన్న మాటకు మించి ఉండకపోవచ్చు. ఓడ ప్రయాణికుల జాబితాలు 1820 నుంచి ఉన్నా, పాతవాటిలో దేశం పేరే ఉంటుంది. 1907 నాటి నుంచి పుట్టిన ఊరు, వెనక ఉన్న దగ్గరి బంధువు చిరునామా కూడా అడిగారు. న్యూయార్క్ రేవులో వలసదారుల్ని తనిఖీ చేసిన ఎలిస్ ఐలండ్ కేంద్రపు గుమాస్తాలు పేర్లు మార్చేశారనే కథ ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. అది నిజం కాదు. జాబితా ఓడ బయల్దేరిన రేవులోనే రాసేవాళ్లు, ఎలిస్ ఐలండ్‌లో దాన్ని ముందు పెట్టుకుని మనిషిని సరిచూసేవాళ్లు. పైగా ఆ కేంద్రం తెరిచిందే 1892 జనవరి 1న. బంగాళాదుంప తెగులు కరువు 1845–1852 మధ్యది, కరువుకు పారిపోయినవాళ్లెవరూ ఆ ద్వీపం గుండా రాలేదు.

బోస్టన్ నుంచి వచ్చిన పైలట్ అనే కతోలిక పత్రిక 1831 నుంచి 1921 దాకా తప్పిపోయిన బంధువుల కోసం ప్రకటనలు వేసింది. "ఫలానా పారిష్, ఫలానా పల్లెవాడు, ఫలానా ఓడలో వచ్చాడు, చివరిసారి రైలు పనిలో ఉన్నాడని విన్నాం" అనే ధోరణిలో ఉంటాయి. ఊరి పేరు కోసం ఇంతకన్నా మంచి చోటు తక్కువ. చర్చి పెళ్లి పుస్తకాలూ అంతే, ప్రభుత్వ పత్రంలో లేని సొంతూరు పాదిరి రాతలో ఉంటుంది. ఆస్ట్రేలియాలో విక్టోరియా మరణ పత్రం ఒక్కటే సగం పని చేసిపెడుతుంది: తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన చోటు, వచ్చి ఎన్నేళ్లయింది, పిల్లలు, అన్నీ ఒకే వరుసలో. ఐర్లండ్ పాత మరణ పత్రాల్లో మాత్రం తల్లిదండ్రుల పేర్లు ఉండవు. అందుకే అన్నదమ్ముల్లో ఒకడు ఐర్లండ్‌లో మిగిలి, ఇంకొకడు మెల్‌బోర్న్ వెళ్లి ఉంటే మెల్‌బోర్న్ వాడి కాగితమే తెప్పించుకోండి.

మీ మనిషి గురించి ఏమీ దొరక్కపోతే అతని పెళ్లి సాక్షుల్నీ, పక్కింటివాళ్లనీ, ఇంట్లో అద్దెకున్నవాళ్లనీ వెతకండి. గుంటూరు జిల్లా ఊరివాళ్లు అమెరికాలో ఒకే వీధికి చేరినట్టే, వాళ్లూ ఒకరి వెనక ఒకరు ఒకే పారిష్ నుంచి వెళ్లారు.

పల్లె, పారిష్, యూనియన్

ఐర్లండ్‌లో అన్నిటికన్నా చిన్న భూవిభాగం టౌన్‌ల్యాండ్. పేరులో టౌన్ ఉన్నా పట్నానికీ దానికీ సంబంధం లేదు, మన రెవెన్యూ గ్రామపు శివారు లాంటిది. దేశంలో అరవై వేలకు పైగా ఉన్నాయి, సగటు విస్తీర్ణం మూడు వందల ఎకరాల పైచిలుకు. ఒకే పేరు పది కౌంటీల్లో ఉండొచ్చు. టౌన్‌ల్యాండ్ పైన సివిల్ పారిష్, ఆ పైన బారొనీ, ఆ పైన కౌంటీ. ఇక్కడితో అయిపోతే బాగుండేది. కతోలిక పారిష్ హద్దులు సివిల్ పారిష్ హద్దులతో కలవవు. జనన మరణాలు నమోదయ్యే జిల్లాలేమో పేదల సహాయం కోసం ఏర్పాటైన యూనియన్లనే విభాగాల ప్రకారం గీసినవి, కొన్నిచోట్ల కౌంటీ సరిహద్దు కూడా దాటుతాయి. ట్యూమ్ అనే మాట ఒక పత్రంలో పట్టణం, ఇంకో దాంట్లో పారిష్, మరో దాంట్లో యూనియన్, వేరే చోట ఆర్చ్‌బిషప్ పీఠం. ఏ ట్యూమో రాసుకోకపోతే నెల తర్వాత మీ నోట్సు మీకే అర్థం కాదు.

పల్లె పేరు వర్ణక్రమం సరిచూసుకోవడానికి 1851 జనగణన నాటి టౌన్‌ల్యాండ్ల అకారాది సూచిక వాడండి. పేరు ఐరిష్ రూపం, పటం మీద స్థానం కావాలంటే ప్రభుత్వ ఊరిపేర్ల డేటాబేస్ ఉంది. వలస వెళ్లినవాడు చెప్పిన ఊరి పేరు చెవికి విన్నట్టు రాసిందై ఉంటుంది, కాబట్టి పైకి చదివి చూసి పోల్చండి. టల్లినడేలీకే ఐరిష్ రూపం తులాఖ్ న డాలా, అంటే సభ జరిగే గుట్ట. ఇదే ఫ్రాన్స్ చేరేసరికి టొలెండాల్ అయింది.

ఏ రికార్డు ముందు, ఏది తర్వాత

1922 జూన్ 30న డబ్లిన్ ఫోర్ కోర్ట్స్ భవనంలోని ప్రభుత్వ రికార్డుల కార్యాలయం అంతర్యుద్ధంలో పేలి కాలిపోయింది. 1821 నుంచి 1851 దాకా తీసిన జనగణనల్లో చెదురుమదురు ముక్కలే మిగిలాయి. వాటిలో గాల్వే కౌంటీ పారిష్‌లు కొన్ని ఉన్నాయి. 1861, 1871 లెక్కల్ని ప్రభుత్వమే అంతకుముందు నాశనం చేసింది. 1881, 1891 లెక్కలు మొదటి ప్రపంచ యుద్ధంలో కాగితం గుజ్జుకు పోయాయి. అందువల్ల మనకు మిగిలిన మొదటి పూర్తి జనగణన 1901ది, తర్వాత 1911ది. రెండూ నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో ఉచితం. 1926 ఏప్రిల్ 18 నాటి తర్వాతి జనగణనకు ఉన్న వందేళ్ల గోప్యత 2026 ఏప్రిల్‌తో తీరిపోయే గడువు.

1911 ఫారంలో పెళ్లయి ఎన్నేళ్లయింది, ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది బతికున్నారు అనే గడులున్నాయి. తొమ్మిది మంది పుట్టి ఏడుగురు బతికుంటే, ఇంట్లో ముగ్గురే కనిపిస్తే, మిగతా నలుగురు ఎక్కడో ఒకచోట ఉన్నట్టే. వలస ఆనవాలు అది. దాంతోపాటు ఇంటి వివరాల ఫారం బీ 1 కూడా తెరవండి. గోడలు, కప్పు, గదులు, ముందువైపు ఎన్ని కిటికీలు అని అందులో ఉంటుంది. కుటుంబ ఫారం ఒక్కటే చూసి మానేసేవాళ్లు ఎక్కువ.

వయసులు నమ్మొద్దు. 1901లో 55 అన్న ముసలాయన 1911లో 72 అంటాడు. అబద్ధానికి కారణం తెలిసిందే: 1908 చట్టంతో 70 దాటినవాళ్లకు 1909 జనవరి నుంచి పింఛను మొదలైంది. జనన పత్రం లేని ఆ తరం వయసు రుజువు కోసం 1841, 1851 జనగణనల్లో తమ ఇంటి వివరం వెతికించుకుంది. ఆ జనగణనలు తర్వాత కాలిపోయాయి, వెతికిన చీటీలు మిగిలాయి. దరఖాస్తుదారు తల్లిదండ్రుల పేర్లు, అప్పటి పల్లె వాటి మీద ఉంటాయి. నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో జనగణన శోధన ఫారాలు అని వెతకండి. చాలామందికి అవి ఉన్నాయనే తెలియదు.

ప్రభుత్వ జనన, మరణ, కతోలిక వివాహ నమోదు 1864 జనవరి 1న మొదలైంది. కతోలికేతర పెళ్లిళ్లకు మాత్రం 1845 ఏప్రిల్ నుంచే ఉంది. ప్రభుత్వ వంశావళి సైట్‌లో వందేళ్లు దాటిన జననాలు, 75 ఏళ్లు దాటిన పెళ్లిళ్లు, 50 ఏళ్లు దాటిన మరణాల పేజీలు ఉచితంగా చూడొచ్చు. పెళ్లి పత్రంలో ఇద్దరి తండ్రుల పేర్లూ వృత్తులూ ఉంటాయి, తల్లుల పేర్లు ఉండవు. జనన పత్రంలో తల్లి పుట్టింటి పేరు ఉంటుంది. రెండూ కలిపితేనే ఒక తరం కుదురుతుంది. పుట్టిన తేదీ కన్నా జ్ఞానస్నానం తేదీ ముందుండటం ఒక వింత. గడువు దాటి నమోదు చేస్తే జరిమానా కాబట్టి బిడ్డ అసలు కన్నా ఆలస్యంగా పుట్టినట్టు తండ్రి తేదీ చెప్పాడు. పాదిరి పుస్తకంలోదే సరైనదిగా తీసుకోండి.

1864కు వెనక్కి వెళ్లాలంటే కతోలిక పారిష్ పుస్తకాలే దిక్కు. మన కతోలికులు విచారణ అనే మాటే అక్కడి పారిష్. నేషనల్ లైబ్రరీ తన మైక్రోఫిల్ముల్ని 2015 జులైలో ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టింది. వెయ్యికి పైగా పారిష్‌లు, దాదాపు 1880 దాకా. ఆ సైట్‌లో పేరు సూచిక లేదు, పారిష్ ఎంచుకుని నెలలవారీగా తిప్పాలి. పడమటి కౌంటీల్లో చాలా పుస్తకాలు 1820ల తర్వాతే మొదలవుతాయి.

లాటిన్ అంటే భయపడకండి, ముప్ఫై మాటలు చాలు. ఒక వరుస ఇలా ఉంటుంది: "14 బాప్ట్. జోవాన్నెం ఫి. లె. థోమే లాలీ ఎత్ బ్రిజిదే బర్క్, స్ప. పాత్రిసియుస్ లాలీ ఎత్ హొనోరియా కెలీ". 14వ తేదీన థామస్ లాలీకీ బ్రిజెట్ బర్క్‌కూ చట్టబద్ధంగా పుట్టిన జాన్‌కు జ్ఞానస్నానం, "స్ప." దగ్గర ఉన్నవాళ్లు జ్ఞాన తల్లిదండ్రులు. వాళ్ల పేర్లు తప్పకుండా రాసుకోండి, సాధారణంగా మేనత్తలు, బాబాయిలే ఉంటారు. జాకోబుస్ అంటే జేమ్స్, గులియెల్ముస్ అంటే విలియం. హొనోరియా ఇంట్లో నోరా. యూజీనియుస్ ఇంట్లో ఓవెన్. ఐరిష్‌లో టైగ్ అయినవాడు చర్చిలో థాడియుస్, ఇంగ్లీషు పత్రంలో తిమోతి. ముగ్గురూ ఒకడే.

పెళ్లి పుస్తకంలో పక్కన "3వ మెట్టు" అనే అర్థం వచ్చే లాటిన్ ముక్క కనిపిస్తే మంచి ఆధారం. మేనరికాలు తెలిసిన మనకు ఇది చప్పున ఎక్కుతుంది. రక్త సంబంధీకులు పెళ్లి చేసుకోవాలంటే చర్చి మినహాయింపు కావాలి. 2వ మెట్టు అంటే ఇద్దరికీ తాతా నాయనమ్మల తరంలో ఒకే జంట, 3వ మెట్టు అంటే ముత్తాతల తరంలో. పుస్తకాలు లేని కాలానికి చెందిన ఒక తరం ఇలా పక్కదారిన దొరుకుతుంది.

పిల్లల పేర్లకూ ఒక వాడుక ఉండేది: పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు, పెద్దకూతురికి తల్లి తల్లి పేరు, రెండో కూతురికి తండ్రి తల్లి పేరు. ఇది ఊహకు ఆధారం మాత్రమే. రుజువు కాదు.

తర్వాత గ్రిఫిత్ దగ్గరికి మళ్లీ రండి, ఈసారి లెక్కకు కాదు, ఒక్క వరుసను చదవడానికి. "జాన్ లాలీ (పాట్)" అని ఉంటే పాట్ కొడుకు జాన్ అని అర్థం, అదే పల్లెలో ఇంకో జాన్ ఉన్నాడు కాబట్టి ఆ గుర్తు. కొన్నిచోట్ల కుండలీకరణంలో "ఎర్ర" అనో "వడ్రంగి" అనో ఉంటుంది. పక్క గడిలో భూస్వామి, ఆ పక్కన విస్తీర్ణం ఎకరాలు, రూడ్లు, పెర్చుల్లో. పటం మీద ఆ మడి నంబరు చూసి ఇల్లు ఎక్కడుందో వేలు పెట్టి చూపించొచ్చు. తర్వాత ఆ మడి ఎవరికి మారిందో రద్దు పుస్తకాలు అనే సవరణ రిజిస్టర్లలో రంగు సిరాల కొట్టివేతలతో ఉంటుంది. కొట్టేసిన ఏడాదికి అటూ ఇటూ తండ్రి చావో, కుటుంబం వలసో వెతకండి.

ఇంకా వెనకది 1823–1838 మధ్య వేసిన టైథ్ అనే చర్చి పన్ను లెక్క. భూమి సాగుచేసేవాళ్ల పేర్లే అందులో ఉంటాయి. కూలీలూ పట్నం వాళ్లూ ఉండరు, పేరు లేదు కాబట్టి మనిషి లేడనుకోకూడదు.

1820కి అవతల

సాధారణ కతోలిక రైతు కుటుంబానికి ఇక్కడ గోడ అడ్డొస్తుంది. పడమటి గాల్వే కౌలుదారుకు 1780 నాటి తాతను చూపిస్తానని డబ్బు అడిగేవాళ్లుంటే అనుమానించండి. అవతలికి దాటగలిగేది భూమి, హోదా, సైన్యం కొలువు ఉన్నవాళ్లు మాత్రమే. సేనాని లాలీ కుటుంబం అలాంటిది.

1691 అక్టోబరు 3న లిమెరిక్ ఒప్పందంతో ఇంగ్లండ్ సింహాసనం పోగొట్టుకున్న కతోలిక రాజు జేమ్స్ పక్షం ఐర్లండ్‌లో చేతులెత్తేసింది. ఆ పక్షపు సేనాని పాట్రిక్ సార్స్‌ఫీల్డ్ వెంట వేలమంది సైనికులు ఫ్రాన్స్‌కు ఓడలెక్కారు. అడవి బాతులు అని పేరుపడిన వలస ఇదే. టల్లినడేలీ లాలీలూ భూములు పోగొట్టుకుని ఫ్రెంచి కొలువులో ఐరిష్ బ్రిగేడ్‌కు చేరారు. డిల్లన్ రెజిమెంటు అధికారి జెరార్డ్ లాలీకి 1702లో రోమాన్స్ పట్టణంలో పుట్టినవాడే థామస్ ఆర్థర్ లాలీ. 1745లో ఫాంటెనాయ్ యుద్ధంలో పేరు తెచ్చుకున్నాడు. 1758 ఏప్రిల్‌లో పాండిచ్చేరి దిగాడు. దిగిన కొద్ది కాలానికే హైదరాబాద్‌లో నిజాం కొలువులో పాతుకుపోయిన బుస్సీని వెనక్కి పిలిపించాడు. ఆ ఏడాది డిసెంబరులో గోదావరి జిల్లా చందుర్తి దగ్గర ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ ఓడాడు, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం పోయింది, ఉత్తర సర్కారులు ఫ్రెంచివాళ్ల చేయి జారాయి. 1761 జనవరిలో పాండిచ్చేరి లొంగింది. ఫ్రాన్స్ లాలీకి మరణశిక్ష వేసి 1766 మే 9న పారిస్‌లో తల నరికించింది. రచయిత వోల్టేర్ అతని తరఫున కలం పట్టాడు, కొడుకు పోరాడాడు, 1778లో ఆ తీర్పు రద్దయింది.

ఇలాంటి శాఖను వెతకడానికి ఫ్రాన్స్‌లో వాన్సెన్ సైనిక ఆర్కైవ్స్‌లో 1716 నుంచి ఉన్న సిపాయిల రిజిస్టర్లున్నాయి: పేరు, పుట్టిన చోటు, ఎత్తు, ముఖం గుర్తులు. ఐరిష్ ఊళ్లను ఫ్రెంచి గుమాస్తా విన్నట్టు రాశాడు, పైకి చదవండి. అధికారుల వంశవృక్షాలతో మాత్రం జాగ్రత్త. ఫ్రెంచి దర్బారులో పదవికి కులీనత రుజువు కావాలి కాబట్టి ప్రవాసంలో ఉన్న జేమ్స్ టెరీ అనే రాజచిహ్నాల అధికారి లాంటివాళ్లు ధ్రువపత్రాలిచ్చేవాళ్లు. అందులో చివరి మూడు నాలుగు తరాలు నమ్మొచ్చు. ఆ పైన ఆదాము దాకా ఎక్కే మెట్లు మన కైఫీయతుల్లో సూర్యవంశం దాకా పోయే మెట్ల లాంటివే.

ఆ యుద్ధాల్లో రెండో పక్షమూ ఐరిష్ వాళ్లదే. చందుర్తిలో గెలిచిన ఫ్రాన్సిస్ ఫోర్డ్‌ది డౌన్ కౌంటీ, వందవాసిలో గెలిచిన ఐర్ కూట్‌ది లిమెరిక్ కౌంటీ. కానీ అవి బ్రిటన్ నుంచి వచ్చి స్థిరపడిన ప్రొటెస్టెంట్ భూస్వాముల పేర్లు, వెతికే దారి పూర్తిగా వేరు. వాళ్ల చర్చి పుస్తకాల్లో సగానికి పైగా 1922లో కాలిపోయాయి. 1708లో మొదలైన దస్తావేజుల రిజిస్ట్రీ మాత్రం చెక్కుచెదరలేదు, పెళ్లి ఒప్పందాలు, కౌళ్లు, తనఖాలు అందులో ఉన్నాయి. పేరు ఏ కోవకు చెందిందో మొదటే తేల్చుకోవాలనేది ఇందుకే.

డీఎన్ఏ గురించి క్లుప్తంగా. ఇంటిపేరు తండ్రి నుంచి కొడుక్కి దిగుతుంది కాబట్టి వై క్రోమోజోమ్ పరీక్షే దానికి పనికొస్తుంది, అదీ ఆ పేరున్న మగవాడు ఇస్తేనే. తల్లి వైపూ తండ్రి వైపూ కలిపి చూసే మామూలు ఆటోసోమల్ పరీక్ష అయిదారు తరాలకు మించి గట్టిగా చెప్పలేదు. పేరు ఒకటై వై కలవకపోతే మోసం అనుకోనక్కర్లేదు. దత్తత, తల్లి ఇంటిపేరు తీసుకోవడం, అసలు వేరే మూలం ఉండటం, ఏదైనా కావొచ్చు. లాలీ విషయంలో ఇంకో చిక్కుంది. లల్లీ అనే పంజాబీ జాట్ ఇంటిపేరును ఇంగ్లీషులో అవే అక్షరాలతో రాసేవాళ్లున్నారు. బ్రిటన్, కెనడా సూచికల్లో రెండూ కలిసిపోతాయి, మొదటి పేరు చూడకుండా చెట్టులోకి ఎక్కించొద్దు.

దుకాణాల్లో అమ్మే "మీ వంశ రాజచిహ్నం" కొనకండి. చిహ్నం ఇచ్చేది మనిషికి, అతని వారసులకు. ఇంటిపేరుకు కాదు.

సికింద్రాబాద్ సమాధి నుంచి మొదలుపెడితే

మన దగ్గర ఐరిష్ పేరున్న ఆంగ్లో ఇండియన్ కుటుంబాలకు మూలం ఎక్కువగా సైన్యం. ఈస్టిండియా కంపెనీ ఐర్లండ్‌లో విరివిగా సిపాయిల్ని చేర్చుకుంది. 1881లో రాయల్ డబ్లిన్ ఫ్యూజిలియర్స్ ఏర్పడినప్పుడు అందులో మొదటి బెటాలియన్‌గా చేరింది కంపెనీ నాటి మద్రాసు యూరోపియన్ పటాలమే.

మద్రాసు ప్రెసిడెన్సీ జ్ఞానస్నానాలు, పెళ్లిళ్లు, ఖననాల నకళ్లు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఎన్ 2 వరుసలో ఉన్నాయి. మచిలీపట్నం, విశాఖపట్నం, సికింద్రాబాద్ వాటికోసం అక్కడ చూడాలి. కంపెనీ సిపాయి అయితే అదే లైబ్రరీలో ఎల్ మిల్ 9 వరుసలోని భర్తీ రిజిస్టర్లలో పుట్టిన చోటు, చేతి వృత్తి దొరుకుతాయి.

సమాధిరాయి మీద పేరు, తేదీలు మాత్రమే రాసుకుని వచ్చేస్తే లాభం లేదు. సిపాయి నంబరు, పటాలం పేరు, బెటాలియన్, రాయి ఎవరు నిలబెట్టారో ఆ వరుస, ఇవి కావాలి. కంపెనీలో కాకుండా బ్రిటిష్ రాజు పటాలంలో చేసి పింఛనుతో ఇంటికెళ్లిన సిపాయిదైతే లండన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 97 వరుసలో విడుదల పత్రం ఉంటుంది. దాని మొదటి వరుసే "ఫలానా పారిష్‌లో, ఫలానా పట్టణం దగ్గర, ఫలానా కౌంటీలో పుట్టాడు" అని. కానీ సమాధి ఇక్కడుంటే అతను కొలువులోనే చనిపోయి ఉండొచ్చు, అప్పుడు డబ్ల్యూఓ 97లో ఎంత వెతికినా ఉండడు. 1878 దాకా డబ్ల్యూఓ 12, ఆ తర్వాత 1898 దాకా డబ్ల్యూఓ 16 హాజరు పట్టీల్లో చనిపోయిన త్రైమాసికం తెరవండి. చివర పోయినవాళ్ల జాబితా ఉంటుంది. చాలాసార్లు పుట్టిన చోటు, పాత వృత్తి, మిగిలిన జీతం ఎవరికి పంపారో కూడా ఉంటాయి. ఆ జీతం అందుకున్న తల్లి పేరు పక్కన ఏ ట్యూమో, ఏ లాక్‌రేయో కనిపిస్తే, అక్కడి పారిష్ పుస్తకం తెరవడమే తర్వాతి పని.